డెంగీ దోమ మీ ఇంట్లో పుట్టకుండా: వారం వారం చేయాల్సిన పని, జ్వరం వస్తే లెక్కపెట్టాల్సిన రోజులు

వానలు పడి ఊళ్లో జ్వరాలు మొదలవగానే అందరి చూపూ మురుగుకాలువ మీదికే పోతుంది. కాలువ తీయించమని, పొగ కొట్టించమని పంచాయతీని, మున్సిపాలిటీని అడుగుతాం. అడగాల్సిందే. అయితే రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టే ఆ కాలువ దోమ క్యూలెక్స్. మన దగ్గర అది మోసేది ఎక్కువగా బోదకాలు క్రిమిని. డెంగీ, చికున్‌గన్యా, జికా వైరస్‌లను మోసే ఏడిస్ ఈజిప్టై దోమ మురుగు జోలికి దాదాపు పోదు. దానికి కావాల్సింది మనం వాడుకోవడానికి పట్టుకున్న తేట నీళ్లే. పైగా అది పుట్టిన చోటు నుంచి మామూలుగా 100, 200 మీటర్లు దాటి పోదు. మిమ్మల్ని కుట్టిన దోమ చాలావరకు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, ఎదురింటి డాబా మీదో పుట్టినదే. కాబట్టి అసలు పని గేటు లోపలే ఉంది.

ముందు దోమ బతుకు తెలుసుకోండి

ఏడిస్ ఆడదోమ గుడ్లను నీళ్లలో వదలదు. నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నల్లటి ఈ గుడ్లు మిల్లీమీటరు కన్నా చిన్నవి, మామూలుగా చూస్తే కంటికి ఆనవు. ఒక్కసారికి వంద దాకా పెట్టగలదు, అవీ ఒకే చోట కాకుండా నాలుగైదు పాత్రల్లో పంచి పెడుతుంది. నీళ్లు ఎండిపోయినా గుడ్లు చావవు, నెలల తరబడి అలాగే ఉండి మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. తొట్టిలో నీళ్లు పారబోసి, కడగకుండా మళ్లీ నింపితే ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. గుడ్లు గోడకే ఉన్నాయి, మీరు వాటికి కొత్త నీళ్లిచ్చారు.

గుడ్డు పొదిగి, లార్వా (నీళ్లలో ఈదే పిల్ల పురుగు) అయ్యి, ప్యూపా (దోమయ్యే ముందు దశ) అయ్యి, రెక్కలతో బయటికి రావడానికి మన ఎండల్లో 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆరోగ్యశాఖ వారానికో రోజు ‘డ్రై డే’ (నిల్వ నీళ్లు పారబోసి పాత్రలు ఆరబెట్టే రోజు) పాటించమనేది ఈ లెక్క మీదే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ శుక్రవారం అంటారు. హైదరాబాద్‌లో 2020లో ఆదివారం ఉదయం 10 గంటలకు 10 నిమిషాలు అని ప్రచారం చేశారు. ఏ రోజైనా ఫరవాలేదు కానీ ఆ రోజు తప్పకూడదు. ఒక్క వారం వదిలేస్తే ఒక తరం దోమలు ఎగిరిపోతాయి.

వారం పని: డాబా మీది నుంచి కిందికి

చేతిలో ఒక టార్చి, కొబ్బరి పీచు లేదా గట్టి బ్రష్షు, పాత గుడ్డలు, తెగిన సైకిల్ ట్యూబు ముక్కలు ఉంచుకోండి. పై నుంచి మొదలుపెట్టి కిందికి దిగండి. రోజూ కంటబడే కింది తొట్లను ఎలాగూ కడుగుతారు, మరిచిపోయేది డాబానే.

డాబా మీద మొదట ఓవర్‌హెడ్ ట్యాంకు మూత చూడండి. మూత ఉంటే చాలదు, బిగుతుగా కూర్చోవాలి. ప్లాస్టిక్ ట్యాంకుల మూతలు ఎండకు వంకర తిరిగి వేలు దూరేంత సందు వదులుతాయి. ఆ సందు దోమకు తలుపే. ఓవర్‌ఫ్లో పైపు నోటికీ గాలి పైపుకూ సన్నటి నైలాన్ మెష్ చుట్టి తీగతో కట్టండి. చాలా ఇళ్లలో మూత బాగానే ఉంటుంది, దోమ ఈ పైపులోంచి వెళ్లి వస్తుంటుంది. తర్వాత పారేసిన పెయింట్ డబ్బాలు, పగిలిన కుండీలు, మడతల్లో నీళ్లు నిలిచిన టార్పాలిన్ చూడండి. వాననీటి గొట్టంలో ఆకులు అడ్డుపడితే డాబా మూల నీళ్లు నిలుస్తాయి, చెయ్యి పెట్టి తీయండి.

ఇంట్లోకి వస్తే ఫ్రిజ్ వెనక ట్రే. ఐస్ కరిగిన నీళ్లు అందులో చేరతాయి, దాన్ని బయటికి లాగి చూసేవాళ్లు తక్కువ. ట్రే లాగే ముందు ఫ్రిజ్ ప్లగ్గు తీయండి. మనీప్లాంటు పెట్టిన సీసాలో నీళ్లు మార్చి, సీసా లోపల బ్రష్షుతో రుద్ది, వేళ్లను కుళాయి కింద కడగండి. వేళ్లకూ గుడ్లు అంటుకుంటాయి. వాడని బాత్రూమ్ ఉంటే కమోడ్ ఫ్లష్ చేసి మూత వేయండి, నేల జాలీ మీద ఏదైనా పలక కప్పండి.

ఎయిర్ కూలర్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దోమకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. నీడ, తడి, లోతు లేని నీళ్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. వాడుతున్నంత కాలం వారానికోసారి మొత్తం నీళ్లు తీసి, ట్యాంకు నాలుగు గోడలూ నీటి గీత దగ్గర పీచుతో రుద్ది, ఆరనిచ్చి నింపండి. జూన్‌లో వాన పడగానే కూలర్ ఆపి మూలకు తోసేస్తారు, అడుగున రెండంగుళాల నీళ్లు అలాగే ఉండిపోతాయి. అసలు తంటా అక్కడ మొదలవుతుంది. ఆపిన రోజే నీళ్లు పూర్తిగా తీసి, రుద్ది, ఎండబెట్టండి. పాత గడ్డి ప్యాడ్లను దాచి మరుసటి ఏడాది వాడొద్దు, వాటికి అంటుకున్న ఎండు గుడ్లు మొదటి తడికే పొదుగుతాయి. పారేయండి.

ఇంటి చుట్టూ చూస్తే పూలకుండీల కింది పళ్లేలు, బయట పడేసిన రోలు, పశువుల కుడితి తొట్టి, పక్షులకు పెట్టిన నీళ్ల మూకుడు, కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు, పాత టైర్లు. టైరును నిలబెట్టినా పడుకోబెట్టినా లోపల నీళ్లు ఆగుతాయి. పంక్చర్ షాపు వాళ్లు వాటిని షెడ్డులోకి చేర్చాలి, లేదా అడుగున రెండు మూడు చోట్ల పెద్ద రంధ్రాలు పెట్టాలి. కుండీ పళ్లేలలో ఇసుక నింపితే తడి ఉంటుంది, నీరు నిలవదు. రోలు బోర్లించలేరు కాబట్టి గుంతను మట్టితో నింపేయండి, లేదంటే వారం వారం తుడవండి.

పారబోసేటప్పుడు నీళ్లను కాలువలోకి వంపొద్దు, నీరు దొరికితే లార్వాలు అక్కడా బతకొచ్చు. ఎండిన నేల మీద పారబోయండి, నిమిషాల్లో చస్తాయి. నీళ్లు కరువైన చోట పారబోయమనడం అన్యాయం. అక్కడ మందపాటి గుడ్డలో వడగట్టి, లార్వాలు మిగిలిన గుడ్డను ఎండలో దులిపి, ఆ నీళ్లను బట్టలకో మొక్కలకో వాడుకోండి.

లార్వా ఉందో లేదో చూసేటప్పుడు ఒక కిటుకు. మీ నీడ పడగానే అవి అడుగుకు దిగిపోతాయి. కదలకుండా ఒక నిమిషం ఆగి టార్చి వేయండి, గాలి కోసం పైకి వచ్చి తలకిందులుగా వేలాడతాయి. కామా గుర్తులా వంగినవి కనిపిస్తే అవి ప్యూపాలు. ఒకటి రెండు రోజుల్లో దోమలవుతాయి, ఆ పాత్ర సంగతి ఆ పూటే చూడాలి.

నీళ్లు పారబోయలేని చోట

రెండు రోజులకో నాలుగు రోజులకో కుళాయి వచ్చే ఊళ్లలో నీళ్లు నిల్వ పెట్టొద్దని చెప్పి లాభం లేదు. పెట్టుకోండి, దోమకు అందకుండా కప్పండి. గాబుకు, గోలేనికి, డ్రమ్ముకు పాత నూలు చీరను రెండు మడతలు వేసి కప్పి, అంచు చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించండి. గుడ్డ జారి నీళ్లలో మునగకూడదు, మునిగిన గుడ్డ మీదే గుడ్లు పెడుతుంది. నీళ్లు తీసుకున్న ప్రతిసారీ మళ్లీ బిగించడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, సగం తెరిచిన మూత లేని మూతే.

వాడని బావులు, పెద్ద సిమెంటు తొట్లు, గుడి కోనేర్లలో గప్పీ చేపలు బాగా పనిచేస్తాయి. మలేరియా విభాగాన్ని, మత్స్యశాఖను అడగండి. గంబూసియా చేపలూ లార్వాలను తింటాయి కానీ చెరువులు, వాగుల్లోకి వదలొద్దు, అక్కడి చిన్న చేపల్ని బతకనివ్వవు. నీళ్లలో లార్వాలను చంపే టెమీఫాస్ మందు ఆరోగ్య సిబ్బందే కొలిచి వేస్తారు, వాళ్లొస్తే తలుపు తీయండి.

బ్లీచింగ్ పౌడర్ గురించి ఒక మాట. తాగునీటిలో వేసే మోతాదులో అది క్రిములను చంపుతుందే గానీ లార్వాలను కాదు. ముగ్గులా చల్లిన పౌడర్ చూసి దోమల పని అయిపోయిందనుకోవద్దు. పంచాయతీలు వదిలే ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) మురుగు గుంటల్లో క్యూలెక్స్‌కు పనికొస్తాయి. వాడే నీళ్లలో, చేపలున్న నీళ్లలో నూనె పోయకూడదు.

ఇల్లు కట్టిస్తున్నవాళ్లకు: స్లాబ్ మీద మట్టి గట్లు కట్టి వారాల తరబడి నీళ్లు నిలబెట్టే క్యూరింగ్ ఆ వీధి మొత్తానికి దోమల్ని పంచుతుంది. తడి గోనెపట్టాలు పరిచి రోజూ తడిపితే క్యూరింగూ బాగా జరుగుతుంది, నీరూ నిలవదు. లిఫ్ట్ గుంత, పునాది గుంతల్లో నీళ్లు తోడించండి.

కుట్టకుండా

ఈ దోమ కుట్టేది పగలు. పొద్దున్న తెల్లవారాక రెండు మూడు గంటలు, మళ్లీ సాయంత్రం చీకటి పడేదాకా దాని జోరు ఎక్కువ. చప్పుడు చేయదు. కాళ్లు, మడమలు, బల్ల కింద ఉండే పాదాలను వెతుక్కుంటుంది. ఒకరి దగ్గరే కడుపు నింపుకోదు, కాస్త కదిలితే లేచి ఇంకొకరిని కుడుతుంది. ఒకే ఇంట్లో నలుగురికి వరసగా జ్వరం రావడం అందుకే.

బడికి వెళ్లే పిల్లలకు ఫుల్ ప్యాంటు, సాక్సులు వేయండి, వాన నెలల్లోనైనా. క్రీము రాసేటప్పుడు పాదాలు, పిక్కలు, మోచేతులు వదలొద్దు. రాయని చోటే కుడుతుంది. ఓడోమోస్‌లో ఉండేది 12 శాతం డైఇథైల్ బెంజమైడ్. డీట్, పికారిడిన్ ఉన్నవీ దొరుకుతాయి, 20 శాతం ఉన్న రకం గంటల తరబడి ఆగుతుంది. చెమటకు తొందరగా పోతుంది, ఆటల తర్వాత మళ్లీ రాయాలి. చిన్నపిల్లల అరచేతులకు రాయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలలలోపు పసికందుకు ఏ క్రీమూ వద్దు, పగటి నిద్రలో ఊయల మీద దోమతెర కప్పండి. తెర బిగుతుగా ఉండి ఒంటికి ఆనకూడదు, ఆనిన చోట బయటి నుంచే కుడుతుంది.

లిక్విడ్ మెషిన్ రాత్రికే అనుకుంటారు. డెంగీకి అది ఉదయం, సాయంత్రం వెలగాలి. మూసిన గదిలో కాయిల్ పొగ ఊపిరితిత్తులకు చేటు, ఉబ్బసం ఉన్న ఇంట్లో అసలు వద్దు. పేరూ ఊరూ లేని ‘దోమల అగరబత్తులు’ ఎంత బాగా పనిచేసినా కొనొద్దు. పురుగుమందు రిజిస్ట్రేషన్ నంబరు ప్యాకెట్ మీద లేకపోతే అందులో ఏ మందు కలిపారో ఎవరికీ తెలియదు. ఫోన్‌లో శబ్దం చేసే యాప్‌లు, బి విటమిన్ మాత్రలు దోమను ఆపవు.

కిటికీలకు జాలీ వేయించేటప్పుడు అంగుళానికి 16 నుంచి 18 కన్నాలున్నది అడగండి. ఫాగింగ్ బండి వస్తే మనం కిటికీలు మూసేసుకుంటాం. నిజానికి తెరవాలి. ఏడిస్ దోమ మంచం కింద, కర్టెన్ల వెనక, వేలాడే బట్టల్లో కూర్చుంటుంది, పొగ అక్కడిదాకా వెళ్తేనే చస్తుంది. వంట పదార్థాలు, తాగునీళ్లు మూతపెట్టి, పిల్లల్నీ ఆయాసం ఉన్నవాళ్లనీ కాసేపు దూరంగా పంపి, తలుపులు తీయండి. అప్పుడైనా చచ్చేది ఎగిరే దోమలే. తొట్టిలో ఉన్నవి వారంలో బయటికొస్తాయి.

జ్వరం వస్తే

మొదటి పని: జ్వరం మొదలైన తేదీ, వేళ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. డెంగీలో అంతా రోజుల లెక్కే. ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో, ప్రమాదం ఎప్పుడు వస్తుందో ఆ కాగితమే చెబుతుంది.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు 500 లేదా 650 మి.గ్రా. మాత్ర, కనీసం 6 గంటల తేడాతో, రోజుకు నాలుగు మించకుండా. డెంగీలో కాలేయం కూడా దెబ్బతింటుంది, జ్వరం దిగలేదని మాత్రలు పెంచితే దానిమీద ఇంకో దెబ్బ పడుతుంది. పిల్లలకు బరువు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. అంటే 20 కిలోల పిల్లకు 200 నుంచి 300 మి.గ్రా. సిరప్ బలం చూడకుండా మిల్లీలీటర్లు కొలవొద్దు. 5 మి.లీ.లో 120, 125, 250 మి.గ్రా. ఉన్న సీసాలు మూడూ దొరుకుతాయి, తప్పు సీసా పడితే మోతాదు రెట్టింపైపోతుంది.

ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. రక్తస్రావం పెంచుతాయి, కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. ‘ఒక సూది వేస్తే జ్వరం దిగిపోతుంది’ అని నడుముకు వేసేది చాలాసార్లు డైక్లోఫెనాకే. రక్తస్రావాన్ని ఆపే కణాలైన ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు కండలో సూది గుచ్చిన చోటే లోపల రక్తం కారి గడ్డలా చేరుతుంది. వద్దని గట్టిగా చెప్పండి. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా మానకుండా ఆ రోజే డాక్టర్‌ను అడగాలి.

పరీక్షలు: మొదటి 5 రోజుల్లో ఎన్‌ఎస్1 (రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను వెతికేది), అయిదో రోజు దాటాక ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను వెతికేది). ప్రభుత్వం నిర్ధారణకు ఒప్పుకునేది ల్యాబ్‌లో చేసే ఎలైజా పద్ధతినే, కార్డు టెస్టును కాదు. ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినా డెంగీ లేదని తీర్మానించలేం, ముఖ్యంగా ఇంతకుముందు ఒకసారి వచ్చినవాళ్లలో. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్ష పాజిటివ్ అని టైఫాయిడ్ మందులు మొదలుపెట్టి డెంగీని మరిచిపోవడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు. మూడో రోజు నుంచి రోజూ సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించి అందులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) అంకెను ప్లేట్‌లెట్ల పక్కనే రాసుకోండి.

తాగడానికి ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు కలిపి పెద్దవాళ్లకు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు, కొద్దికొద్దిగా. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొలత డాక్టర్‌ను అడగాలి. ఉత్త మంచినీళ్లే తాగిస్తే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. 4 నుంచి 6 గంటలకోసారి మూత్రం వస్తుంటే నీళ్లు సరిపోతున్నట్టు. బీట్‌రూట్, నల్లటి కూల్‌డ్రింకులు ఇవ్వొద్దు, వాంతిలో రక్తం వచ్చిందో లేదో తెలియదు.

జ్వరం తగ్గిన రోజు

మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం ఒక్కసారిగా దిగుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, డ్యూటీకి, బడికి పంపేస్తారు. ప్రాణాలు పోయేది ఆ 24 నుంచి 48 గంటల్లోనే. రక్తనాళాల గోడలు వదులై లోపలి ద్రవం కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది కాబట్టి పీసీవీ పెరుగుతుంది. 35 ఉన్నది 42 అయితే ఐదో వంతు పెరిగినట్టు, వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి.

ఇంట్లో చూడాల్సినవి: తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, పిల్ల మగతగా పడుకోవడం లేదా ఊరికే చిరాకుపడటం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం. ఒక్కటి కనిపించినా ఉదయం దాకా ఆగొద్దు, 108కు ఫోన్ చేయండి. బీపీలో పై అంకె ఒక్కటే చూడొద్దు. 100/80 అంటే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ రెండింటి తేడా 20కి పడిపోయింది, అది షాక్ మొదలైన గుర్తు. గర్భిణులు, ఏడాదిలోపు పిల్లలు, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, వృద్ధులు ఈ గుర్తుల కోసం ఎదురుచూడకుండా ముందే చేరడం మేలు.

ప్లేట్‌లెట్లు లక్షలోపు పడటం డెంగీలో మామూలే. రక్తస్రావం లేకపోతే పదివేల లోపు పడేదాకా ఎక్కించాల్సిన అవసరం లేదని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అర్ధరాత్రి దాతల కోసం పరుగెత్తే ముందు పీసీవీ, బీపీ, మూత్రం సంగతి అడగండి. బొప్పాయి ఆకు రసం ప్లేట్‌లెట్లు పెంచినా ద్రవం కారడాన్ని ఆపదు, వాంతులవుతున్నవాళ్లకు ఆ చేదు ఇంకా చేటు. గండం గడిచాక కారిన ద్రవం తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు నీరసం పోవాలని సెలైన్ పెట్టించుకుంటే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి తగ్గితే ఆ రకం నుంచే దీర్ఘకాలం రక్షణ. రెండోసారి వేరే రకం సోకితే ప్రమాదం ఎక్కువ. ఒకసారి వచ్చిపోయినవాళ్లు ధీమాగా ఉండాల్సినవాళ్లు కాదు, అందరికన్నా జాగ్రత్తగా ఉండాల్సినవాళ్లు.

చికున్‌గన్యా, మెదడువాపు

2005-06లో రాయలసీమ ఊళ్లను మంచానికి కట్టేసిన చికున్‌గన్యా కూడా ఇదే దోమతో వస్తుంది. ప్రాణభయం తక్కువ, కీళ్లనొప్పులు నెలల తరబడి ఉంటాయి. మొదటి వారం పారాసిటమాలే వాడి, డెంగీ కాదని తేలాకే వేరే నొప్పి మాత్రలు డాక్టర్ రాస్తే వాడాలి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వద్దు.

జపనీస్ మెదడువాపు దారి వేరు. వరిమళ్లలో పుట్టే క్యూలెక్స్ జాతి దోమలు పందుల నుంచి, కొంగల నుంచి వైరస్‌ను తెచ్చి సాయంత్రం, రాత్రి కుడతాయి. మనిషి నుంచి మనిషికి రాదు. పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా ఉండాలి, పిల్లలు దోమతెరలో పడుకోవాలి. దీనికి టీకా ఉంది, వ్యాధి ఉన్న జిల్లాల్లో 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది ఉచితంగా వేస్తారు. మీ జిల్లా ఉందో లేదో ఏఎన్‌ఎంను అడగండి. జ్వరంతో ఫిట్స్, మతి తప్పడం ఉంటే పెద్దాస్పత్రికే.

ఇంట్లో ఒకరికి తేలాక

జ్వరం మొదలైన తొలి వారం రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. ఆ రోజుల్లో రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. కుట్టిన దోమ లోపల అది 8 నుంచి 12 రోజులు పెరిగి, తర్వాత ఆ దోమ బతికినంత కాలం ఇంకొకరికి ఎక్కుతుంది. అంటే జ్వరం తెలిసిన రోజు నుంచి మీకు దాదాపు వారం గడువుంది. ఆ పూటే మంచం కింద, బట్టల స్టాండు వెనక మస్కిటో స్ప్రే కొట్టి అరగంట గది మూసి ఉంచండి, తర్వాత తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. ఇంట్లోని ప్రతి తొట్టీ ఆ రోజే రుద్దండి. ఆశా కార్యకర్తకు చెబితే చుట్టుపక్కల ఇళ్లలో లార్వా సర్వే చేసి, మందు వేస్తారు. రెండు పక్కల ఇళ్లకూ ఎదురింటికీ మీరే వెళ్లి చెప్పండి, వాళ్ల డాబా మీది డబ్బాలు కూడా అదే రోజు బోర్లించాలి. రెండు వారాలు ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా తేదీ రాసి, లెక్క మొదలుపెట్టండి.